వైకుంఠరావుగారు నొక్కని బటన్

మాది బరంపురం దరిదాపుల్లో ఒక ఫైర్ స్టేషన్. ఏదో చెప్పను. చెబితే ఎవరో సంజాయిషీ అడుగుతారు, దాన్ని టైపు కొట్టాల్సింది కూడా నేనే. అక్కడ నేను గుమాస్తాని. పేరు హేమ. ఓపిక తక్కువని నా మీద ఒక మాట ఉంది, అబద్ధమేమీ కాదు.

మా వైర్‌లెస్ ఆపరేటర్ వైకుంఠరావుగారు. దిగపహండి పక్క పల్లెలో రైతు కుటుంబం. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఇన్నేళ్ళలో ఆయన సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా చుక్క పడలేదు. ఈ సంగతి ఆయన రోజుకోసారైనా చెబుతారు. తమ్ముడి కూతురికి సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా అబ్బాయి ఉద్యోగం అడగకముందే అదే చెప్పారని ఆయన భార్య కమలాంబగారు నాతో అన్నారు.

ఆయన బల్ల మీది అద్దం కింద అందరిలా దేవుడి పటం ఉండదు. వైర్‌లెస్ లైసెన్సు జిరాక్సు ఉంటుంది. అందులో 16K0F3E అని ఒక కోడ్. నేను చేరిన మొదటి రోజు మంచినీళ్ళు ఎక్కడుంటాయని అడిగితే ఆయన నన్ను కూర్చోబెట్టి ఆ కోడ్ చెప్పడం మొదలుపెట్టారు.

"సూడమ్మా. ముందున్న అంకెలు మన గొంతు గాల్లో ఎంత జాగా తీసుకుంతాదో సెప్తాయి. F అంటే ఏ పద్ధతిలో ఎల్తాదో అది. మూడు అంటే అనలాగ్, పాత రకం. సివర E అంటే మనిషి మాట."

"మరి నీళ్ళు?" అన్నాను.

"వరండాలో ఉన్నాయి. జాగా అంటే ఏటంటే..."

ఈ ఏడు మా స్టేషన్‌కి ఎనిమిది కొత్త డిజిటల్ సెట్లు వచ్చాయి. మా ఆఫీసరు విశ్వనాథ్‌గారు కుర్రవాడు, మనిషి మంచివాడే, కాకపోతే ప్రారంభోత్సవాలంటే ప్రాణం. భువనేశ్వర్ నుంచి పెద్ద ఆఫీసరును పిలిచారు. శనివారం ముహూర్తం, షామియానా, లడ్డూలు, రంగు అచ్చులో ఆహ్వానాలు. సెట్లు వచ్చిన రోజే వాటి కాగితాలన్నీ చదివేసిన వైకుంఠరావుగారు ఒకరోజు అద్దం కింది జిరాక్సు తీసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళారు. అతిథుల జాబితాతో నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, వీటి కోడ్ 7K60FXE. మూడు ఉండాల్సిన కాడ X ఉంది. ఇది డిజిటల్ మాట. మన లైసెన్సులో ఈ కోడ్ నేదు. అది వచ్చేదాకా బటన్ నొక్కకూడదు."

"రేడియోకి లైసెన్సు ఉంది కదా రావుగారూ."

"దిగపహండి పర్మిటు ఉంది గదా అని బస్సుని ఆర్యపల్లి తోల్తే ఊరుకుంతారా సార్?"

"అయితే పాత కోడ్ కొట్టేసి కొత్తది రాయించండి. అదెంత పని?"

"పాతది కొట్టేస్తే దిగపహండి వైపు బళ్ళలో ఉన్న పాత సెట్లన్నీ దొంగ సెట్లయిపోతాయి. రెండు కోడ్లూ ఉండాల. దరకాస్తు రాసి మీ బల్ల మీద ఎట్టి పది రోజులైంది సార్."

బల్ల మీద ఆహ్వానాల గుట్ట తప్ప ఏమీ కనిపించలేదు. విశ్వనాథ్‌గారికి చిర్రెత్తింది.

"శనివారం బటన్ నొక్కి మాట్లాడేది మీరే. ఇది ఆర్డర్. నొక్కకపోతే మెమో వస్తుంది, సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది."

నొక్కితే లైసెన్సు తప్పినట్టు. నొక్కకపోతే నాలుగు నెలల ముందు పుస్తకంలో ఎర్ర సిరా. రెండు రోజులు ఆయన తన సర్వీసు పుస్తకం ఊసే ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, "నొక్కేయండి బాబాయిగారూ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుస్తాది గదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చాదస్తం అవసరమా అనిపించింది. ఆయన స్థానంలో నేనుంటే నొక్కేసి ఉండేదాన్నని తెలుసు కాబట్టి ఇంకా మండింది.

శనివారం వచ్చింది. వైకుంఠరావుగారు ఇస్త్రీ యూనిఫాంలో పెద్ద ఆఫీసరు పక్కన నిలబడి, కొత్త సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, "రెండో నంబరు బండీ, వినబడుతోందా?" అని ఒడియాలో అడిగారు. వెంటనే "వినబడుతోంది సార్" అని జవాబు. ఒక్క గరగర లేదు. పెద్దాయన మురిసిపోయి, ఇదే మరి డిజిటల్ అంటే, మనిషి పక్కన నిలబడి మాట్లాడినట్టే ఉంది అన్నారు.

మనిషి పక్కనే నిలబడి మాట్లాడుతున్నాడు. మా ఫైర్‌మన్ పైడయ్య నీళ్ళ బండి వెనక నక్కి ఉన్నాడు. వాడి గొంతుకు ఏ సెట్టూ అక్కర్లేదు. పొద్దున్నే వైకుంఠరావుగారు ఎనిమిది సెట్ల బేటరీలూ ఊడదీసి నా సొరుగులో పెట్టించారు. బటన్ నొక్కినట్టూ ఉంటుంది, గాల్లోకి ఏమీ వెళ్ళదు.

లడ్డూల దాకా వచ్చి ఉంటే గండం గడిచేది. పెద్దాయనకు ముచ్చటేసి సెట్టు తన చేతిలోకి తీసుకున్నారు. ఎంత దూరం పనిచేస్తుందో చూద్దామని మాట్లాడుకుంటూ గేటు వైపు నడిచారు. పైడయ్య వంగి ప్రహరీగోడ వెనక పరుగెత్తుతూ జవాబులు చెప్పాడు. బండి కదులుతున్నట్టుంది, ఆయాసం కూడా వినబడుతోంది అని పెద్దాయన మెచ్చుకున్నారు. గేటు దాటి టీకొట్టు దగ్గరికి వెళ్ళారు. అక్కడ గోడ అయిపోయింది. పైడయ్య దాక్కునే చోటు లేక నోరు మూసుకున్నాడు.

పెద్దాయన సెట్టు ఊపారు, తిరగేశారు. వెనక ఖాళీ.

మరిచిపోయామండీ అనే అబద్ధం నా నాలుక చివర ఉంది. నేను నోరు తెరిచే లోపల వైకుంఠరావుగారు చెప్పేశారు, బేటరీ తానే తీశానని, ఈ కోడ్‌కి లైసెన్సు ఇంకా రాలేదని. పెద్దాయన మా ఆఫీసరు వైపు ఒక చూపు చూసి, లడ్డూ ముట్టకుండా కారెక్కారు.

సాయంత్రం విశ్వనాథ్‌గారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మెమో చెప్పడం మొదలుపెట్టారు. మొదటి వాక్యంలోనే కోడ్ దగ్గర ఆగిపోయారు. చివరికి వైకుంఠరావుగారినే పిలిపించారు.

"ఆ కోడ్ ఏమిటో సరిగ్గా చెప్పండి. మీ మీద మెమోకే."

ఆయన కోడ్ చెప్పారు. అంతటితో ఊరుకోలేదు.

"సార్, 'తెలిసి' అన్న మాట ఎట్టండి. తెలీక సేసేడంటే మెమో నిలబడదు. దరకాస్తు మీ బల్ల మీద ఎన్నాళ్ళు ఉందో అదీ ఎయ్యండి. సగం రాస్తే పైవాళ్ళు తిప్పి పంపుతారు."

నాకు కళ్ళు మసకేసి రెండు సార్లు తప్పు కొట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళు కాపాడుకున్న పుస్తకాన్ని ఆ మనిషి తన నోటితోనే పాడు చేసుకుంటున్నారు, అది కూడా తప్పుల్లేకుండా.

"చదవండి" అన్నారు విశ్వనాథ్‌గారు.

చదివాను. "7K60FXE అను డిజిటల్ కోడ్ స్టేషన్ లైసెన్సులో లేదని తెలిసి, లైసెన్సు లేని ప్రసారం చట్టవిరుద్ధమని తెలిసి, రెండు కోడ్‌ల కొరకు తాను ఇచ్చిన దరఖాస్తు పది రోజులకు పైగా స్టేషన్ ఆఫీసరు బల్ల మీదనే ఉన్నదని తెలిసి, స్టేషన్ ఆఫీసరు ఆర్డర్ ఇచ్చినప్పటికీ సదరు ఉద్యోగి ప్రసారం చేయలేదు. ఇట్లు, స్టేషన్ ఆఫీసరు."

విశ్వనాథ్‌గారు తెర దగ్గరికి వంగారు.

"ఇంకోసారి చదవండి."

ఈసారి తీరిగ్గా, కులాసాగా చదివాను.

"దీని మీద నేను సంతకం పెడితే ఇరుక్కునేది ఎవరు?" అన్నారు విశ్వనాథ్‌గారు.

వైకుంఠరావుగారు వెటకారం తెలిసిన మనిషి కాదు. నిజంగానే ఆలోచించి చెప్పారు. "మీరే సార్."

విశ్వనాథ్‌గారు ఆహ్వానాల గుట్ట కింద చెయ్యి పెట్టి వెతికి దరఖాస్తు బయటికి లాగారు. రెండు కోడ్‌లూ ఉన్నాయో లేదో వేలితో చూసుకుని సంతకం పెట్టారు. మెమోను నా చేత చెరిపించారు.

తర్వాతి సంగతి కమలాంబగారు చెప్పారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారట.

"ఏటి, ఇంతసేపైంది?"

"నా మీద మెమో రాస్తా ఉండిపోనాను. ఎంత బాగా రాసినా పనికి రానేదే" అని, చెప్పులు విడిచి, గుమ్మంలోనే కూర్చుని ఏడ్చేశారట.