ఆరు జానల విల్లు

జపాను ఉత్తర దీవిలో, సారు నది ఒడ్డున మా ఐనూ పల్లెల్లో విల్లు కావాలంటే ఇసొనాష్ దగ్గరకే వెళ్లేవాళ్లు. నలభై ఏళ్లపాటు ఆయన చేసిన విల్లు ఐదు జానలే. మనిషిని బట్టి బెత్తెడు అటూ ఇటూ, అంతే. మా కొండల నిండా ఛాతీ ఎత్తు వెదురు పొదలు. వాటిలో దూరి వేటాడాలంటే పొట్టి విల్లే కావాలి. దాని బలం సంగతి ఎవరూ అడగలేదు. బాణం ములికికి నాభి వేరు విషం పూసి ఉండేది. తోలు చీరితే చాలు, ఎలుగు ఎంతో దూరం పోకుండానే కూలేది.

విషబాణాలు వాడరాదని జపాను ప్రభుత్వం ఉత్తర్వు వేశాక ఆ కొలత అర్థం లేనిదైంది. పైగా ఒక చలికాలం మంచుకు జింకలు మందలకు మందలే చచ్చాయి. తినడానికి మిగిలింది ఎలుగే.

అల్లుడు ఇతక్‌రెక్ ఎర్రచేవ చెక్క భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏడు జానలు చెయ్యి మామా. విషం లేకపోతే బాణం గుండెదాకా దిగాలి."

"ఏడా? దాంతో ఎలుగును కొడతావా, బట్టలు ఆరేస్తావా? పొదలో తగులుకుంటే?"

"తగలకుండా చూసుకుంటాను."

"ఎలుగు మీదికొస్తుంటే నువ్వు వెదురాకులు చూసుకుంటుంటావన్నమాట."

"నీ ఐదు జానలది దాని వీపు గోకడానికి పనికొస్తుందిలే."

పొయ్యి దగ్గర కూతురు ఉసమ్మత్ జొన్నగింజ కూడా లేని గంజి కలుపుతోంది. "మీరు తేల్చుకునేలోపు పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఏదో ఒకటి కానివ్వు నాన్నా."

ఇసొనాష్ ఆరు జానలు చేశాడు. ఇద్దరి మాటా నిలుస్తుందనుకున్నాడు. అడవిని, జంతువును కాక ఇంట్లోవాళ్ల మొహాలు చూసి ఆయన కొలత పెట్టింది ఆ ఒక్కసారే.

మంచు కరిగే రోజుల్లో ఇతక్‌రెక్ రెండు కుక్కలతో ఎలుగు గుహకు వెళ్లాడు. మర్నాడు ఊరివాళ్లు అతన్ని మంచు మీద లాగే చెక్కబండి మీద తెచ్చారు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. కుక్కలు ఎలుగును తరమబట్టి ప్రాణం దక్కింది.

ఇసొనాష్ ఒక్కడే కొండెక్కి చూసి వచ్చాడు. మొదటి బాణం మంచులో పడి ఉంది; దానికి నెత్తురు అంటింది నాలుగు వేళ్ల మేర. విల్లు పొదలోనే వేలాడుతోంది, పై కొసకు వెదురు మెలికపడి. రెండో బాణం నారికి అందనేలేదు.

"ఎక్కడ తప్పింది నాన్నా?" ఉసమ్మత్ అడిగింది.

"రెండు చోట్లా. దిగడానికి చాల్లేదు. దూరడానికి ఎక్కువైంది."

పడక మీంచి ఇతక్‌రెక్ అన్నాడు: "ఇప్పుడు నాకెన్ని జానలది సరిపోతుంది మామా?"

ఇసొనాష్ కొలత తీసే అలవాటు చొప్పున అతని భుజం నుంచి కిందికి చూపు దించాడు. మోచేయి దగ్గర ఆగి, తల తిప్పుకున్నాడు.

వసంతంలో సముద్రం ఒడ్డున హెర్రింగు చేపల పని మొదలైంది. అల్లుడి బదులు ఆయన వెళ్లాడు. అప్పటికి అరవై రెండేళ్లు.

మేస్త్రీ పైనుంచి కిందిదాకా చూశాడు. "నీకేం పని వచ్చు తాతా?"

"మోస్తాను."

"ఎంత?"

"మీరు ఎంత ఎత్తితే అంత."

వీపున గంప వేలాడేలా నుదుటికి మోతపట్టీ తగిలించారు. గంపలు నింపేవాళ్లు నవ్వుకుంటూ మరో పారెడు చేపలు వేశారు. ఆయన లేచి, గట్టువైపు నడిచాడు.