ట్రిగ్గర్ మీద వేలు

నాది చిన్న రివాల్వర్. అయిదు తూటాలే పడతాయి. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ ఊళ్లో ఉంటూ, ఆ చుట్టుపక్కల పేషెంట్ల ఇళ్లకు వెళ్లి సెలైన్ పెట్టే నర్సుగా పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం ఎవరో అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర్నుంచి నా వెనకే నడిచి, నేను ఆగితే తనూ ఆగి, కారు దాకా వచ్చాడు. ఏమీ చేయలేదు. అయినా ఆ వారమే రివాల్వర్ కాల్చడం నేర్చుకోవడానికి పేరిచ్చాను. కొన్నాక దాన్ని షూటింగ్ రేంజ్‌లో తప్ప ఎక్కడా కాల్చలేదు. అక్కడ అది ఒక్కసారీ మొరాయించలేదు.

మొరాయించింది నా ఒళ్లు. క్యాన్సర్ వచ్చింది, కీమోతో తగ్గింది. కీమో పోతూ పోతూ వేళ్ల కొసల్లో తిమ్మిరి వదిలిపెట్టి పోయింది. ఒకప్పుడు పేషెంట్ చేతి మీద వేలు ఆనిస్తే నరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. మా తెలుగు చర్చిలో పెద్దవాళ్లు బ్లడ్ టెస్ట్ అనగానే, నీ హస్తవాసి మంచిదమ్మా, నువ్వే తియ్యకూడదా అని అడిగేవారు. ఇప్పుడు ఆ వేళ్లకు నరమూ తెలియదు, చొక్కా గుండీ తెలియదు. ఆఫీసులో నన్ను డెస్క్ దగ్గర కూర్చోబెట్టారు. బాధగా ఉందా అని అందరూ అడిగారు. నిజానికి ఏమీ అనిపించలేదు. తిమ్మిరి వేళ్ల దగ్గరే ఆగినట్టు లేదు.

కొన్నాళ్లకు ఆఫీసువాళ్లే, సెలైన్లు కాకపోయినా బీపీ చూసే విజిట్లకు వెళ్లవచ్చన్నారు. మళ్లీ నలుగురి ఇళ్లకూ వెళ్లాలని ఉంది. ఆ ఒక్కటే ఉంది. మా ఆయన అడ్డు చెప్పలేదు కానీ షరతు పెట్టారు: రివాల్వర్ మార్చాలి. ఆయన కార్ల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. మా ఇంట్లోకి కుక్కర్ రావాలన్నా ముందు ఆయన పరీక్ష పాసవ్వాలి. పాతదాని ట్రిగ్గర్ బాగా బరువట, జబ్బుపడి లేచిన చేతికి కష్టమట. కొత్త పిస్టల్ అయితే తేలిగ్గా నొక్కొచ్చు, తూటాలూ ఎక్కువే పడతాయన్నారు. నేను కాదనలేదు. ఆ రోజుల్లో దేన్నీ కాదనేదాన్ని కాదు.

ఒక శనివారం రేంజ్‌కి వెళ్లి కొత్త పిస్టల్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. టార్గెట్ వైపు పట్టుకుని, కాళ్లు సర్దుకుని, ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను. పెట్టానని కంటితో చూసి తెలుసుకున్నాను. ఇంకా నొక్కలేదనుకుంటూ ఉండగానే పేలింది. తూటా టార్గెట్ నడిమధ్యన దిగింది.

"చూశావా, ఎంత ఈజీగా ఉందో," అన్నారాయన.

అవునన్నాను. భయం వేయవలసిన చోటు అది. వేయలేదు. తర్వాత నా పాతది కాల్చాను. దాని బరువు లాగుతున్నంతసేపూ మోచేతి దాకా తెలుస్తూనే ఉంది. ఇంటికి వస్తూ కారులో, నాకు పాతదే బాగుందని చెప్పాను. ఆ పాత చింతకాయ పచ్చడి ఎందుకని ఆయన విసుక్కుంటే, జ్వరం నోటికి అదే హితవన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. అసలు కారణం చెప్పలేదు. చెబితే నన్ను ఇళ్లకు వెళ్లనివ్వరు.

క్రిస్మస్ దగ్గరపడింది. భీమవరం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తగారు చర్చిలో పంచడానికి అరిసెలు మొదలుపెట్టారు. ఆవిడ బెల్లం పాకం కలుపుతూ, కాస్త నీళ్లలో వేసి, ఉండ కడుతోందేమో చూడమని గిన్నె నా ముందుకు జరిపారు. ఏటా నేను చూసేదే. వేళ్లతో నలిపాను. నలిపింది నీళ్లనో పాకాన్నో తెలియలేదు. కళ్లతో చూసినా సరిపోయేది.

"వచ్చేసింది అత్తయ్యా," అన్నాను, నోటికి అలవాటైన మాట కాబట్టి.

పిండి కలిపాక మొదటి అరిసె నూనెలో వేయగానే విచ్చిపోయింది. రెండోదీ అంతే. పాకం లేత. ఆవిడ స్టవ్ ఆపి, నా చెయ్యి తీసుకుని, వేళ్ల కొసలు ఒక్కొక్కటే నొక్కి చూశారు. నొక్కడం నాకు కనబడుతోంది, తెలియడం లేదు.

"తెలీట్లేదని చెప్పొచ్చు కదమ్మా," అన్నారు. "పిండి పోతే పోయింది, మళ్లీ కలుపుకుంటాం."

నాకు రేంజ్ గుర్తొచ్చింది. మళ్లీ కలుపుకోలేని సంగతి అది. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, షూలు విప్పుతుండగానే చెప్పాను.

"ఆ కొత్త పిస్టల్ నేను కాల్చలేదండీ. నాకు తెలీకుండా పేలింది."

ఆయన విప్పిన షూ పక్కన పెట్టారు. ఆ పైన, పాతది సేఫే కదా అని నెమ్మదిగా అడిగారు.

"పాతది లాగుతున్నానని తెలుస్తుంది. ఎక్కడ ఆపాలో తెలీదు," అన్నాను. "రివాల్వర్ ఉన్న లాకర్ కోడ్ మార్చెయ్యండి. నాకు చెప్పొద్దు."

ఆయన లేచి పడగ్గదిలోకి వెళ్లారు. రివాల్వర్ లేకుండా వెళ్లలేను కాబట్టి, విజిట్లు వద్దని ఆఫీసుకు ఎలా చెప్పాలా అనుకుంటూ హాల్లోనే నిలబడ్డాను. గదిలోంచి బటన్లు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. లాకర్ తలుపు మూసుకున్నాక ఏడుపొచ్చింది. కీమో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నేను ఏడవలేదు.