వ్యాన్ దిగని వియ్యంకుడు

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే బస్సులో పక్కసీటు రమణమ్మ మొదటి మాటగానే మా ఆయన ఏం చేస్తాడని అడిగింది. ఈ ప్రశ్నకు అబద్ధాలు చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. కిటికీ పక్కన నిద్రపోతున్న సుధను చూపించి, "నాకు ఆయన లేడక్కా. మేమిద్దరం కలిసి కాపురం చేస్తున్నాం" అన్నాను.

ఇక సీటు మారుతుందనుకున్నాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ఆడపెళ్లివాళ్లేనా! మరి అలిగేదెవురు?" అంది.

ఆ అనుమానానికి కారణముంది. పోయిన నెల ఆమె కూతురి పెళ్లిలో, ఎదుర్కోలుకి మేళం ఆలస్యమైందని వియ్యంకుడు అలిగి వ్యాన్ దిగలేదట.

"అలిగేవాళ్లు మాకూ ఉన్నార్లే" అన్నాను. "మా పెళ్లిళ్లు రిజిస్టరు చేయమని మాలాంటివాళ్లు సుప్రీంకోర్టుకి వెళితే, చట్టం చేయాల్సింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. పార్లమెంటేమో ఉలకదు, పలకదు. మొన్న సుధ ఆపరేషనుకి సంతకం పెట్టబోతే, నువ్వెవరని ఆసుపత్రిలో నన్ను పక్కకి నెట్టారు."

రమణమ్మ తల పంకించింది. "అయితే మీ మగపెళ్లివాళ్లు ఢిల్లీలో వ్యాన్ దిగకుండా కూర్చోనుండారు."

నవ్వాగలేదు. "ఇంతకీ మీ వియ్యంకుణ్ణి ఎలా దింపారక్కా?"

"బతిమాలితే దిగలా. కోర్టోళ్ల మాదిరి పెద్దమనుషులు పోయి చెప్పినా దిగలా. ఇంక ఆకులేసి వడ్డించేసినాం. గుత్తొంకాయ వాసనకి ఆయనే దిగొచ్చినాడు."

అప్పటికి సుధ లేచి బిత్తరపోయి చూస్తోంది. రమణమ్మ ఆమె భుజం తట్టింది.

"ముందు మీరు ఆకులెయ్యండమ్మా. నన్ను పిలవకపోయినారో, నేను అలుగుతా."