సార్ రాసిన ముందుమాట

సార్ పోయారని ఆయన ఉండే గనుల ఊరు కోరమండల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి ఉండిపోయింది.

కాలేజీలో ఆయన మాకు తెలుగు చెప్పారు. ఆదివారం మా ఊరు బైరకూరు నుంచి బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. పాత గని క్వార్టర్స్‌లో రేకుల ఇల్లు. కథ చదివిస్తూ, చదివే వాక్యం కింద పోస్టుకార్డు అడ్డం పెట్టేవారు. “తొందరేముండాదమ్మా? ఈ మాట యాడికి పోతాదో చూడు.”

కథ బాగుందని రాస్తే కొట్టేసేవారు. “బాగుండాదని ఎవురైనా అంటారు. యాడ బాగుండాదో నువ్వు చెప్పల్ల.” చదవకుండా పుస్తకం మీద రాసేవాళ్లంటే ఆయనకు మంట. “తినకుండానే తేన్చినట్లు” అనేవారు. ఈరోజు నాలుగు సమీక్షలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే, కాదనను.

నా మొదటి కథల పుస్తకానికి ఆయనే ముందుమాట రాయాలని పట్టుబట్టాను. రాసిచ్చారు. మామిడితోటల వాసన, తల్లుల కన్నీళ్లు అంటూ పేజీలు నింపారు. నా కథల్లో మామిడి చెట్టు ఒక్కటీ లేదు. ఉన్నది పట్టుపురుగులు పెంచే అమ్మాయిలు, వాళ్లెవరూ ఏడవరు. ఆయన నేర్పినట్టే ఆగి ఆగి చదివాను కాబట్టి నాకు దొరికిపోయారు. ఆవిష్కరణ సభలో ఆ ముందుమాటను అందరూ మెచ్చుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

“చదివినారా సార్?” అని అడిగాను.

“నువ్వు రాసేది నాకు తెలీదా అమ్మా? చదవల్లనా?” అని నవ్వారు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. చదవడం నేర్పిన మనిషి నన్ను చదవలేదు.

అయినా ఆశ చావదు కదా. మొన్న వేసవిలో రెండో పుస్తకం కాగితాలు కట్టగట్టి తీసుకెళ్లాను. “ముందుమాట వద్దు సార్. ఊరికే చదవండి, చాలు.”

“ఈ తూరి చదువుతానమ్మా” అన్నారు, నా తలమీద చెయ్యి పెట్టి. నమ్మాను.

కర్మలయ్యాక వెళ్తే ఆయన భార్య ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. “మంచం పక్కనే పెట్టుకోనుండ్రి. ఎవుర్నీ ముట్టనీలేదమ్మా.”

దారానికి నేను వేసింది మా ఇంట్లో ఆవు పలుపుకు వేసే ముడి. విప్పితే మళ్లీ అలా వేయడం సార్‌కు రాదు. అది వేసింది వేసినట్టే ఉంది.