బేరంలో పోయిన రివర్స్ గేరు

ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, కేవలం తన తెలివితోనే, ఒక పెళ్ళికొడుకును, ఒక నాదస్వరం మేళాన్ని, రెండు కాంగేయం ఎద్దులను, పిల్లనిచ్చిన మామ పరువును ఒకే సందులో ఇరికించగలడా అని మీకెవరికైనా అనుమానముంటే, నన్ను అడగండి. ఇరికించగలడు. ఇరికించాడు. ఆ మహానుభావుడు నేనే.

మాది కోయంబత్తూరు పక్కన పీళమేడు. మిల్లు లైన్లకు ఎదురుగా పప్పులూ ఉప్పులూ అమ్మే మళిగె కొట్టు మా నాన్నది. నాకు అక్షరాల కంటే ముందు తూకం వచ్చింది, తూకం కంటే ముందు బేరం వచ్చింది. చెప్పిన ధరకు కొన్నవాడి చేతి మంచినీళ్ళు కూడా మా నాన్న తాగేవాడు కాదు. డాక్టరు పది రోజులకు మందిస్తే, జ్వరం ఎనిమిదో రోజునే తగ్గిందని మిగిలిన రెండు రోజుల మందు వాపసు ఇవ్వబోయిన వంశం మాది. ఇంతటి వంశంలో పుట్టినవాడు కారు కొంటే ఎలా కొంటాడో వినండి.

అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. మిల్లు యంత్రాలకు తోలు బెల్టులు సరఫరా చేసేవాణ్ణి. నడిచి వెళ్తే మిల్లు మేనేజర్లు కూర్చోమనడం లేదని, మేట్టుపాళయంలో ఒక వక్కల వ్యాపారి దగ్గర పాత కారు బేరం పెట్టాను. ఆయన దేవుడి లాంటివాడు. దాచింది ఏమీ లేదు. తప్పంతా ఆయన మీదికి నెట్టేద్దామని ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, చోటు దొరకడం లేదు.

"ముందుకు మూడు గేర్లూ బంగారం," అన్నాడాయన. "రివర్స్ పళ్ళు మాత్రం విరిగుండాయి. వచ్చే వారం వేయించి ఇస్తాను. చెప్పిన ధరలోనే."

"వేయించొద్దండి. ఆ ఖర్చు ధరలో తగ్గించండి."

ఆయన వక్క నమలడం ఆపాడు. "వెనక్కి పోవాలంటే ఏం చేస్తావు నాయుడూ?"

"వెనక్కి పోయే పని నాకేముండాది? ఏడాదికి పదిమాట్లు పోతానేమో. మాటుకు పది గజాలు. అంత మాత్రానికి గేరంతా కొనాల్నా?"

"అది ఉప్పు మాదిరప్పా. వండేటప్పుడు మరిచిపోతావు, విస్తరి ముందర గుర్తొస్తాది."

"ఉప్పు మా కొట్లోనే ఉండాదిలెండి," అన్నాను.

నూట ఇరవై రూపాయలు తగ్గాయి. ఏనుగును కొని, అంకుశం వద్దని డబ్బు మిగుల్చుకున్నవాడిలా పాటలు పాడుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ తర్వాతి రెండు నెలలు నేను కారు నడిపానని చెప్పడం కంటే, కారు చూపించిన దిక్కుకు నేను పోయానని చెప్పడం న్యాయం. పక్క వీధిలో క్షవరానికి వెళ్ళాలంటే పీళమేడు మొత్తం ప్రదక్షిణ చేసేవాణ్ణి. సందు కనబడితే చెమటలు పట్టేవి. ఎక్కడికి వెళ్ళినా రెండు వీధుల అవతల, ముందు దారి తెరిచి ఉన్నచోటే నిలిపేవాణ్ణి. "కారు కొన్నంక మనకు నడక ఎక్కువయ్యింది," అని నా భార్య రుక్మిణి ఒకరోజు గొణిగింది. "నడక ఒంటికి మంచిది," అన్నాను. గేరు సంగతి ఆమెకు కూడా చెప్పలేదు. ఇంట్లో చెప్పుకోలేని బేరం బేరమే కాదని మా నాన్న అనేవాడు. ఆయన అన్నవన్నీ పాటించడం కుదురుతుందా?

ఇంతలో రుక్మిణి చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది, మా వైపు మాటలో మాప్పిళ్ళైది, అన్నూరు, పొలాలున్న కుటుంబం. పెళ్ళికి ముందురోజు ఆదివారం సాయంత్రం అతన్ని పిళ్ళయారు, అదే వినాయకుడి, గుడి నుంచి మేళతాళాలతో కారులో ఊరేగించి ఆడపెళ్ళివారి ఇంటికి తేవాలి. నాలుగున్నరకు రాహుకాలం. ఆలోపల అతను గడప తొక్కకపోతే తిరిగి వెళ్ళిపోతామని అతని పెద్దనాన్న ముందే చెప్పి ఉంచాడు. ఆయన మాట తప్పని మనిషి. అదే భయం.

నూలు కొట్టు నడిపే మా మామ రంగసామి నాయుడు ఆర్.ఎస్. పురం నుంచి పెద్ద కారు బాడుగకు మాట్లాడబోతే నేనే అడ్డం పడ్డాను. "ఇంట్లో కారు పెట్టుకుని బాడుగ ఏంది మామా?" పెద్దల్లుడు నోరు తెరిచి ఇంత ఉదారంగా మాట్లాడటం ఆయన వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నాడు.

నేను లెక్క వేసుకునే చెప్పాను. గుడి నుంచి ఇంటిదాకా ఒకే సందు, తిన్నగా. వెనక్కి వెళ్ళే ప్రసక్తే లేదు. ఎవరూ ఎదురు రాకపోతే చాలు.

వచ్చారు.

సందు సగంలో ఎద్దుల బండి ఎదురైంది. బండి నిండా ఇత్తడి బిందెలు, అరటి గెలలు, బెల్లం బుట్టలు. పైన మీసాలతో, ఊరంతా మామ అని పిలిచే మునిసామి మామ. మేనకోడలి చెవులు కుట్టే వేడుకకు మేనమామ కానుకలు, అదే సీరు, తీసుకుపోతున్నాడు. మా మామ ఇంటి పక్క ఇంట్లోనే విడిది చేసి, అక్కడి నుంచే బయల్దేరాడు. రెండు బళ్ళూ ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా ఆగాయి. నా వెనక పది బారల దూరంలో గోడౌను గేటు ఉంది. నేను వెనక్కి పోయి అందులో దూరితే ఆయన దాటిపోతాడు. చిన్నపిల్లవాడికి కూడా తెలిసే ఉపాయం.

"కొంచం వెనక్కి తియ్యప్పా," అన్నాడు మునిసామి మామ.

నిజం చెప్పే అవకాశం అదే. మీరైతే చెప్పేవారు. నేను తలుపు తీసి, నిలబడి, గొంతు సవరించుకుని, "మాప్పిళ్ళై కారు వెనక్కి పోకూడదు మామా. మా వంశంలో ఆ పద్ధతి లేదు," అన్నాను.

పెళ్ళికొడుకు పెద్దనాన్న చంకలో గొడుగుతో ముందుకు వచ్చాడు. "శరిగా చెప్పినావు. మా పిల్లోడు ఒక్క అడుగు వెనక్కి పోయినా నేరుగా అన్నూరు పోతాం."

"మేనమామ సీరు మాత్రం వెనక్కి పోవచ్చునా?" అన్నాడు మునిసామి మామ. "నా ఎద్దులకు వెనక్కి నడిచేది తెలుసు. నాకే తెలీదు."

నా సంగతి సరిగ్గా తలకిందులు. నేను సిద్ధం, నా బండికే తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. గొయ్యి ఉన్నా పడేవాణ్ణే, వెనక్కి వెళ్ళే యోగముంటే కదా.

మేళం ఆగిపోయింది. మా మామ పరుగున వచ్చాడు. "అల్లుడూ, పెద్దాయన గదా, పది బారలు పోతే ఏం పోతాది?"

"వంశం పోతాది మామా."

"నీ వంశం సంగతి నాకు తెలీదా? మీ నాయన పావలాకు పది కోసులు వెనక్కి నడిచినోడు."

ఇది అన్యాయం. ఎనిమిది కోసులే.

నాలుగయ్యింది. నాలుగుంబావు కావొచ్చింది. చెమటకు పెళ్ళికొడుకు నుదుటి బొట్టు ముక్కు దాకా దిగింది. అప్పుడు మా మామ, నలభై ఏళ్ళు నూలు బేరం చేసినవాడు, మధ్యస్థం మొదలుపెట్టాడు. మాప్పిళ్ళై మర్యాదకు ముందు మునిసామి మామ బండి ఒక బార వెనక్కి పోవాలి. పెద్దాయన మర్యాదకు తర్వాత మన కారు గేటు దాకా వెనక్కి పోవాలి. మునిసామి మామ మీసం తిప్పి ఒప్పుకున్నాడు. "వాళ్ళు ముందు పోతే శరి," అని పెద్దనాన్న కూడా ఒప్పుకున్నాడు. ఎద్దులు నాట్యం చేసినంత నాజూగ్గా ఒక బార వెనక్కి నడిచాయి. అందరి పరువూ నిలిచింది. అందరూ నవ్వుతూ నావైపు తిరిగారు.

నేను గేరు కడ్డీ పట్టుకుని, దానిలో ఏదో దైవరహస్యం ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"పో అల్లుడూ."

"పోతాను మామా."

"ఎప్పుడు?"

"అదే చూస్తా ఉండాను."

మా మామ కిటికీలోకి తల పెట్టాడు. నేను ఆయన చెవిలో చెప్పాను. "రివర్స్ లేదు మామా."

"లేదంటే? చెడిపోయిందా?"

"కొనలేదు."

చెవిలో చెప్పిన మాట మేళంలో తాళం వేసేవాడి దాకా ఎలా చేరిందో నాకు నేటికీ తెలియదు. మొదట నవ్వింది అతనే.

"శరి, నలుగురు పట్టి తొయ్యండప్పా," అన్నాడు మా మామ.

"తోసేదా?" పెద్దనాన్న గొడుగు పైకెత్తాడు. "ఆడపెళ్ళివారు మాప్పిళ్ళైని వెనక్కి తోసినారని అన్నూరంతా చెప్పుకుంటారు. ఒప్పుకోను."

ఆదుకున్నది మునిసామి మామే. "తోస్తే అవమానం. పసుపు పూసిన ఎద్దులు లాగితే లక్ష్మి. నా జోడును ఇస్తాను, కట్టుకోండి." పెద్దనాన్న గొడుగు దించి, శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. కాడి విప్పి, ఎద్దులను ఒక్కొక్కటిగా గోడకు రాసుకుంటూ కారు వెనక్కి తెచ్చి, బంపరుకు మోకు కట్టారు. ఎద్దులు లాగాయి, కారు కదిలింది. పెళ్ళికొడుకు కదిలాడన్న సంతోషంలో మేళంవాళ్ళు ఒక్కసారిగా గట్టిమేళం వాయించారు.

ఎద్దులు జడుసుకున్నాయి. మునిసామి మామ చేతిలోని పగ్గం జారింది. కారు గేటు దాటింది, సందు దాటింది, గుడి దాటింది. ఆ జోడు పొద్దున పత్తిగింజలు తిన్నది మా మామ పక్కింటి కొట్టంలో. సందుకు అడ్డంగా బండి ఉంది కాబట్టి మిల్లు రోడ్డు చుట్టుదారి పట్టి అక్కడికే పరుగు తీశాయి.

బ్రేకు మీద కాలు పెట్టాను. తొక్కితే మోకు తెగుతుంది, పెళ్ళికొడుకు నడిరోడ్డులో మిగులుతాడు, రాహుకాలం వస్తుంది, అన్నూరువాళ్ళు అన్నూరు వెళతారు. కాలు తీసేశాను. వెనక అద్దం నిండా పూలదండలు, నాకు దారి కనబడదు. పెళ్ళికొడుకు దండల్లో వేలు దూర్చి దారి చెబుతున్నాడు.

"ఎడమకు అన్నా. కొంచం కుడికి. కోడిపిల్లలుండాయి, పైలం."

రెండు నెలల్లో ఆ కారు వెనక్కి వెళ్ళడం అదే మొదలు. మిల్లు గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆరతి పళ్ళెంతో వాకిట్లో నిలబడ్డ మా అత్తగారి ఎదుటికి మొదట రెండు ఎద్దులు వచ్చాయి, తర్వాత డిక్కీ వచ్చింది. ఆవిడ పద్ధతి తప్పని మనిషి. కారులో ముందు ఏది వస్తే దానికే ఆరతి ఇవ్వాలని డిక్కీకి మూడు చుట్లు తిప్పి, కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టింది. పెళ్ళికొడుకు దిగి గడప తొక్కేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది. దిగుతూ నాతో ఒకే మాట అన్నాడు: "అన్నా, ముందుకు కూడా ఇంత బాగా పోతాదా?"

అక్కడ సందులో, ఎద్దుల్లేని బండి మీద కూర్చున్న మునిసామి మామ, "మీ పిల్లోణ్ణి నా ఎద్దులు తీసుకుపోయినాయి, నా సీరును మీరు తీసుకుపోండి," అన్నాడట. పెద్దనాన్న పట్టు లాల్చీతో కాడి కింద భుజం పెట్టి, మేళంవాళ్ళతో కలిసి చెవులు కుట్టే ఇంటిదాకా లాగాడు. అక్కడ ఆయనకు మంచి విందు పెట్టారని, ఎద్దులకు పెట్టేదానికంటే ఎక్కువే పెట్టారని విన్నాను.

చీకటి పడ్డాక మా మామ నన్ను పెరట్లోకి పిలిచాడు. తిట్లకు చెవులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ గేరుకు ఎంత తగ్గించినాడు?"

"నూట ఇరవై."

మామ చాలాసేపు తల ఊపాడు. "మోసపోయినావు అల్లుడూ. నేనైతే నూటయాభైకి తక్కువ వదిలుండను."

ఆ రాత్రే పిళ్ళయారు ముందు చెవులు పట్టుకుని, పన్నెండు గుంజిళ్ళు తీసి, కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను. ఇక నా ప్రాణమున్నంత కాలం, ఏ వస్తువు కొన్నా, అందులో లేనిదానికి ధర తగ్గించమని అడగను. ఉన్నదానికే తగ్గించమని అడుగుతాను.