దేసాంకకు దూరమైన ఐవార్ రుచి

లెస్కోవత్స్ ఊళ్లో సెప్టెంబరు వచ్చిందంటే ఏ వాకిట్లో చూసినా రేకు పొయ్యి మీద అరచేతి పొడుగు, కారం లేని తీపి ఎర్ర మిరపకాయలు కాలుతుంటాయి. చలికాలమంతా తినే ఐవార్ పచ్చడికి అవే ఆధారం. ఆ ఏడు మాత్రం దేసాంక పొయ్యి ముట్టించలేదు. వసంతంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కుకు వాసన తెలియకుండా చేసి పోయింది. వాసనతో పాటే రుచీ పోయింది. సూపు తాగితే వేణ్ణీళ్లు, రొట్టె తింటే తడిసిన అట్ట.

"నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, అంతే" అన్నాడు డాక్టరు. "మిగతాదంతా ముక్కు చెప్పాలి. కన్ను, చెవి, చెయ్యి తలా ఓ మాట కలుపుతాయి. అన్నీ కలిపి వండేది మెదడు."

భర్త జివోట పోయి మూడేళ్లు. ఐవార్ నోట్లో పడితే అతను బల్లకు అవతల కూర్చున్నట్టే ఉండేది. ఆ రుచి మళ్లీ ఒక్కసారి తగిలితే చాలనుకునేది దేసాంక.

పొరుగింటి ల్యూబింక కంచె మీంచి కేకేసింది. "ఏం వదినా, ముక్కుతో పాటు చేతులూ పోయాయా? రా, కాయలు ఒలుద్దువుగాని."

"నేను వండితే మాడినా తెలీదే నాకు."

"మా ఆయన ముక్కు నిక్షేపంగా ఉంది, ఏం లాభం? పాలు పొంగిపోయినా పేపరు దించడు."

దేసాంక వెళ్లింది. కాలిన కాయల వేడికి వేళ్లు చురుక్కుమంటుంటే పొట్టు ఒలిచింది. గుజ్జు కుండలో పొయ్యెక్కింది. ల్యూబింక కలుపుతూ ఎవరి కోడలి సంగతో చెబుతోంది.

"అడుగంటుతోంది" అంది దేసాంక.

"వాసన రాలేదే!"

"చప్పుడు మారింది. ఇందాకటిదాకా బుడబుడమంది, ఇప్పుడు తప్ తప్ మని కొడుతోంది."

ల్యూబింక గరిటెతో గీకి చూసింది. అడుగు రంగు తిరుగుతోంది. కొయ్యగరిటె దేసాంక చేతికిచ్చింది. పొద్దు వాలేదాకా దేసాంకే కలిపింది. గరిటె లాగిన దారి పూడకుండా కుండ అడుగు కనిపించాక దించింది.

రొట్టె ముక్కకు రాసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లలో ఎరుపుంది, చెవుల్లో కుతకుతలున్నాయి, వేళ్లలో మంట ఉంది. నాలుక తీపి చెప్పింది, ఉప్పు చెప్పింది. వాటి నడుమ చోటు ఖాళీ.

"తెలిసిందా?"

"లేదే." కుండ చూపిస్తూ అడిగింది. "వాసనెలా ఉందో నువ్వు చెప్పు."

ఐవార్ ఐవార్‌లా కాక ఎలా ఉంటుంది అనబోయి ఆగింది ల్యూబింక. కుండ మీదికి వంగి పీల్చింది. "ముందు పొగ. దాని వెనక తీపి. ఆ వెనక... మీ ఆయన వెల్లుల్లి ఎక్కువేసి నీ చేత తిట్లు తినేవాడు చూడు, అదీ."

దేసాంక ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది.

"మెల్లగా చెప్పవే" అంది. "నమలడం అయ్యేదాకా ఆపకు."