అడక్కుండా పెట్టిన మార్కులు

తెనాలిలో క్యాథలిక్ ఫాదర్లు నడిపే డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. మార్కుల దగ్గర పిసినారినని పేరు. ఆ పేరంటే నాకు లోలోపల గర్వం కూడా.

రేపల్లెలో జరిగిన కబడ్డీ పోటీల్లో సూర్యలంక నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆట చూసి, మా ప్రిన్సిపాల్ ఫాదర్ అక్కడికక్కడే సీటూ హాస్టలూ ఇస్తానన్నారు. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్లే మనిషి. పిల్ల ఇంటర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. చేరిన మొదటి వారమే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"సార్, నేను పీఈటీ అవ్వాలండి. డిగ్రీ పాసవ్వకపోతే ఆటల టీచర్ కోర్సులో చేర్చుకోరంటండి. ప్రాక్టీసయ్యాక ఒక అరగంట ఇంగ్లీషు చెప్తారా?"

నేను బాపట్ల నుంచి వచ్చిపోయేవాణ్ణి. సాయంత్రం బండి అందుకోవాలి. "నువ్వు ఆడుకో తల్లీ, మార్కుల సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

మా దగ్గర ఆటల పిల్లలకు హాజరు పట్టీలో 'ఆన్ డ్యూటీ' అని రాస్తాం. ఇంటర్నల్ పరీక్షకు రాకపోయినా జవాబు పేపర్ల కట్టలో వాళ్ల పేరుతో ఒక తెల్ల పేపరు ఉంటుంది, దాని మీద మార్కులుంటాయి. "ప్రమాణాలు తగ్గకూడదు మాస్టారూ, టీమూ తగ్గకూడదు" అన్నారు ఫాదర్ గారు. రెండూ ఎలా కుదురుతాయని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. మూడేళ్లూ ఆమెకు ఇరవైకి పద్దెనిమిది వేశాను. ముందు బెంచీ వాళ్లకు కూడా అంత వెయ్యలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ పిల్ల అడిగింది పాఠం, నేను పెట్టింది మార్కులు.

కప్పులతో ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండింది. యూనివర్సిటీ పరీక్షల్లో మాత్రం ఇంగ్లీషు పోయింది. ఆ పేపర్లు దిద్దేది మేం కాదు. మళ్లీ కట్టింది, మళ్లీ పోయింది. అప్పుడు పాఠం చెబుతానని హాస్టల్‌కి కబురు పెడితే, ఖాళీ చేసి వెళ్లిపోయిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. సిగ్గేసింది.

మొన్న ఆదివారం సూర్యలంక వెళ్లాను. ఒడ్డున చేపలు ఏరుతున్న ఆడవాళ్లలోంచి లేచి, చేతులు తుడుచుకుంటూ ఆ పిల్ల వచ్చింది.

"ఇంగ్లీషు మళ్లీ కట్టావా అమ్మా?"

"మానేశానండి. మీరు ఎంత చేసినా నేనే నిలబెట్టుకోలేకపోయాను."

తప్పు నాదని చెప్పాలని నోరు తెరిచాను. ఈలోపు వెనకనున్న చెల్లెల్ని ముందుకు లాగింది.

"ఇది నాకన్నా బాగా ఆడుద్ది సార్. ఫాదర్ గారికి చెప్పి మీ కాలేజీలోనే సీటిప్పించండి. మీరుంటే మార్కులకి భయముండదండి."